లాంతరు బొమ్మ

దసరాకు ఊరి ప్రజలకు శుభాకాంక్షలు చెబుతూ నా ఫొటోతో వేయించిన ఫ్లెక్సీని నేనే కట్టబోయి ట్రాక్టర్ ట్రాలీ మీద నుంచి జారిపడ్డాను. తొడ ఎముక విరిగింది. దవాఖానలో రాడ్డు వేసి, మూడు నెలలు ఆ కాలు నేలకు ఆనించొద్దన్నారు. ఫ్లెక్సీ మాత్రం ఒక పక్క కట్టి, ఒక పక్క వేలాడుతూ అలాగే ఉండిపోయింది. చేవెళ్ల రోడ్డు మీద పోయే ప్రతి కారుకూ నా మొహం సగమే కనబడుతోందని విన్నాను. దాన్ని విప్పి పడేయమని ఎంతమందికి ఫోన్ చేసినా ‘సరే అన్న’ అన్నవాడే తప్ప విప్పినవాడు లేడు. నా కోపం అక్కడే మొదలైంది.

మా ఊరు మొయినాబాద్ దాటాక, కనకమామిడికి దగ్గర్లో ఉంటుంది. ఆ ఊరికి నేను సర్పంచ్‌ని. పదవి అయిపోయి రెండేళ్లయింది. కానీ ఎన్నికలు పెట్టలేదు కాబట్టి జనం నన్ను సర్పంచ్ సాబ్ అనే పిలుస్తున్నారు. అసలు పేరు బాల్‌రాజ్ అని పిల్లలకు తెలియనే తెలియదు. రెండేళ్లు రాని ఎన్నికలు సరిగ్గా నేను మంచం మీద ఉన్నప్పుడే వచ్చాయి. పైగా మా ఊరి సీటు మహిళలకు పోయింది. మంచంలో పడుకుని టీవీ రిమోట్ గోడకేసి కొట్టాను. అంతకంటే ఏం చేయగలను?

నేను సర్పంచ్‌గా ఉన్నప్పుడు హన్మయ్య ఉపసర్పంచ్. నాతోపాటే తిరిగాడు, నాతోపాటే తిన్నాడు. ఆ రోజు వచ్చి మంచం పక్కన కూర్చుని నా భుజం తట్టాడు.

“ఫికర్ ఏముందన్న? వదినె పేరు పెడ్తం. పేరు ఆమెది, పని నీది. అంతట గట్లనే నడుస్తున్నది గదా.”

“మరి నీ సంగతి?”

“నా సంగతి ఏముంది, మళ్ల ఉపసర్పంచ్ నేనే. నువ్వు మాట ఇస్తే చాలు.”

ఇచ్చాను. నా మాటంటే ఊళ్లో మాట. వదినె అంటే నా భార్య ప్రమీలమ్మ. ఆ సమయంలో వంటింట్లో పప్పు తాలింపు వేస్తోంది. ఆమెను పిలిచి అడగాలని మా ఇద్దరికీ తోచలేదు. నామినేషన్ కాగితాల మీద సంతకానికి పిలిస్తే, చెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చి, పెట్టాల్సిన చోటల్లా పెట్టింది.

“ఈ ఫొటో యాడికెల్లి తెచ్చిండ్రు?” అని అడిగింది.

“ఆధార్ కార్డుది” అన్నాడు హన్మయ్య.

“అండ్ల నా మొహం నా లెక్క ఉండది” అని మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది.

*

ఇక బొమ్మల సంగతి. మా బిడ్డ సంజన ఇంటి నుంచే స్కూటీ మీద గండిపేట వైపు ఒక కంపెనీకి ఉద్యోగానికి పోయి వస్తుంది. శనివారాలు ఆఫీసు స్నేహితులతో కలిసి ఏదో ఆట ఆడుతుంది. టేబుల్ మీద గుహలూ కోటలూ పెట్టి, వాటి మధ్య వేలెడంత మనుషుల్ని నడిపిస్తారు. పాచికలు వేసి కొట్టుకుంటారు. రాజులు, మంత్రగాళ్లు, కోరలున్న పచ్చ రాక్షసులు. పెళ్లీడు పిల్లకు ఈ బొమ్మలాట ఏమిటని నేను మొదటి నుంచీ తిడుతూనే ఉన్నాను. రిమోట్ పగిలిన మర్నాడు ఆ బొమ్మల డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

“బాపు, నువ్వు చిన్నప్పుడు గోడల మీద రాస్తుంటివట గదా. ఇగో, వీటికి రంగులెయ్యి.”

“నేను చిన్నపిల్లగాన్నా?”

“చిన్నపిల్లలు రిమోట్లు పగలగొట్టరు” అంది.

గోడల మీద రాసిన మాట నిజమే. ఫ్లెక్సీలు రాకముందు, ఎన్నికలొస్తే మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా గోడల మీద గుర్తులు వేసింది నేనే. సున్నంలో నీలం కలిపి, నిలువెత్తు అక్షరం ఒక్క ఊపులో లాగేవాణ్ని. అలాంటి చేతికి కనురెప్ప వెంట్రుకంత బ్రష్షు ఇచ్చింది. బూడిదరంగు ప్లాస్టిక్ మనుషులకు ముందు నల్లరంగు స్ప్రే కొట్టి, నా మందు సీసాల మూతల మీద ఒక్కొక్కణ్ని అంటించింది, పట్టుకోవడానికి. రంగులో నీళ్లు కలిపి పల్చటి మజ్జిగలా చేసుకోవాలట. ఒకేసారి మందంగా పూస్తే మొహం మీద ముక్కూ మూతీ పూడిపోతాయట. మొదటివాడికి అలాగే పూడిపోయాయి. కోపమొచ్చి వాణ్ని కిటికీలోంచి విసిరేశాను. సంజన పోయి వెతికి తెచ్చి, కడిగి, మళ్లీ మూతకు అంటించి నా ముందు పెట్టింది. నాకింకా మండింది.

కానీ చేసేదేముంది. ఊరంతా ఎన్నికల్లో తిరుగుతుంటే నేను చదువుకునే కళ్లద్దాలు పెట్టుకుని రాక్షసుల కోరలకు పసుపు పూస్తున్నాను. చెయ్యి మెల్లగా దారికొచ్చింది. నీళ్లలాంటి గోధుమరంగు పూస్తే మడతల్లోకి దానంతటదే దిగి నీడలు పడతాయి. ఆరాక, బ్రష్షును గుడ్డకు తుడిచి దాదాపు రంగు లేకుండా చేసి పైపైన రుద్దితే అంచులు మెరుస్తాయి. కష్టమల్లా కళ్లతోనే. ఊపిరి బిగబట్టి తెల్ల చుక్క పెట్టి, దాని మీద నల్ల చుక్క పెట్టాలి. ఊపిరి వదిలితే మెల్లకన్ను వస్తుంది.

మాకు పోటీగా రంజిత్ తన భార్యను నిలబెట్టాడు. ప్లాట్లు అమ్ముకునే మొన్నటి పోరడు, ఎప్పుడూ నల్లద్దాలు తీయడు. అందరికంటే పెద్ద పచ్చ రాక్షసుడికి నల్లద్దాలు వేశాను. కిరీటం పెట్టుకున్న రాజుకు తెల్లచొక్కా, తెల్లప్యాంటు, భుజం మీద కండువా వేశాను. నా మీసం కూడా పెట్టాను. బాగా కుదిరింది. వాళ్లను భోజనాల పీట మీద పరిచి, మంచం పక్కనే ఊరు తయారు చేసుకున్నాను. ఈ మూల బొడ్రాయి, ఆ మూల చర్చి గల్లీ, నడుమ పంచాయతీ ఆఫీసు. ఎక్కడ మనకు ఓట్లు తక్కువో అక్కడ రాక్షసుల్ని నిలబెట్టి, హన్మయ్యకు అక్కడి నుంచే చెప్పేవాణ్ని, ఏ ఇంటికి ఎవరు పోవాలో, ఏం మాట్లాడాలో.

ఒకరోజు ప్రమీలమ్మ నాకు గోలీలు ఇవ్వడానికి వచ్చి ఆ పీట వైపు చూసింది.

“ఈ రాజు నువ్వేనా?”

“మరెవరు?”

“నేనేడ?”

డబ్బాలో ఆడమనిషి ఒక్కతే ఉంది. చేతిలో లాంతరు పట్టుకుని, ఒక కాలు ముందుకేసి ఉంటుంది. ఆమెకు ఇంకా రంగు వేయలేదు. స్ప్రే కొట్టిన నలుపు మీదే రాజు వెనకాల నిలబెట్టాను. చూపించాను.

“దీనికి మొహమే లేదు గద” అంది ప్రమీలమ్మ. గోలీలు నా చేతిలో పెట్టి నీళ్ల గ్లాసు అందించింది.

పక్క గదిలోంచి సంజన అందుకుంది. “బాపు, లాంతరు మనిషిని వెనుక పెట్టరు. గుహల లాంతరు ముందల పోకుంటే మిగిలినోళ్లు కదలరాదు. అది ఆట రూలు.”

“ఇది మీ ఆట కాదు. నా పీట, నా ఇష్టం” అన్నాను.

*

గుర్తులు ఇచ్చిన రోజు ఇంకో దెబ్బ. మాకు కప్పు సాసర్ వచ్చింది. సర్పంచ్ ఎన్నికల బ్యాలెట్ మీద పేర్లుండవు, ఉత్త గుర్తులే. కాబట్టి గుర్తే మనిషి. పులి గిలి కాకపోయినా, కనీసం బ్యాట్ వచ్చినా ఊపుతూ తిరగొచ్చు. చాయ కప్పు పట్టుకుని ఏం ఊపుతారు? హన్మయ్యకు చెప్పాను, “గుర్తు చిన్నగ వెయ్యున్రి, నా ఫొటో పెద్దగ వెయ్యున్రి.” అలాగే వేయించాడు. కరపత్రంలో నేను నిలువునా ఉన్నాను. ప్రమీలమ్మ కింద మూలకు, ఆధార్ ఫొటోలో ఉంది.

నాలుగైదు రోజులు నేను చెప్పినట్టే నడిచింది. ఆమె చేతులు జోడించడం, హన్మయ్య మాట్లాడటం. తర్వాత ఒక మధ్యాహ్నం ఊరి వాట్సాప్ గ్రూపులో వీడియో వచ్చింది. రాజు కండువా అంచుకు ఎర్రగీత వేస్తున్నాను. ఫోన్ తెరిచాను.

చర్చి గల్లీలో కరుణమ్మ ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో నా భార్య కూర్చుని ఉంది. కరుణమ్మ ఆ గల్లీ వార్డుకు పోటీ చేస్తోంది. ఎవరి పక్షమూ కాదు. నేను సర్పంచ్‌గా ఉన్నప్పుడు నల్లా కోసం, మురుగు మోరీ కోసం మా ఇంటి గేటు దాకా వచ్చి ‘పటేలా, పటేలా’ అని పిలిచిన మనిషి. వీడియోలో ఆమె ప్రమీలమ్మ చేతికి కప్పూ సాసర్ ఇచ్చింది. ప్రమీలమ్మ చాయను సాసర్లో పోసుకుని, ఊది, జుర్రుమని చప్పుడు చేస్తూ తాగింది. గల్లీ అంతా నవ్వింది. ఎవరో చప్పట్లు కొట్టారు. తాగాక సాసర్ ఎత్తి అందరికీ చూపించి, “ఇగో, గిదే నా గుర్తు. నా మొహం మర్చిపోయినా మంచిదే, గిది మర్చిపోవద్దు” అంది.

ఎర్రగీత రాజు మెడ మీదుగా గడ్డం దాకా పోయింది. సాయంత్రం ఆమె వచ్చేదాకా ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎత్తలేదు.

“మా ఇంట్ల ఎవ్వరైనా ఆ గల్లీల తాగిండ్రా? మా నాయిన తాగిండా?” అని వచ్చీరాగానే అరిచాను.

ఆమె చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని వచ్చి నా ఎదురుగా నిలబడింది.

“గుర్తు చాయ కప్పు ఇచ్చిండ్రు. తాగకుండ ఓటు ఎట్ల అడుగుత?”

“నేను అడగలేదా? గెలువలేదా?”

“నువ్వు గల్లీ మొదట్ల కారు ఆపి అడుగుతుంటివి. లోపలికి రమ్మంటే షుగర్ ఉన్నది, చాయ తాగనంటివి. ఇంట్ల పొద్దుకు మూడు కప్పులు, అండ్ల రెండు రెండు చెంచల చక్కెర. కలిపెటిదాన్ని నేను, నాకెర్క లేదా? వాళ్లకు సుత ఎర్కనేనట. కరుణమ్మనే చెప్పింది, నవ్వుకుంట.”

ఐదేళ్లు వాళ్లు నా వెనక నవ్వుకున్నారన్నమాట. ఎవరి మీద అరవాలో అర్థంకాక, పీటను చేత్తో ఒక్క తోపు తోశాను. రాజు, రాక్షసులు, మంత్రగాడు మంచం కింద, బీరువా కింద దొర్లిపోయారు. ప్రమీలమ్మ వంగి ఏరలేదు. “కాలు జర పైలం” అని వంటింట్లోకి పోయింది. సంజన వచ్చి చీపురు పుల్లతో ఒక్కొక్కణ్ని బయటకు లాగింది. రాజు కిరీటం విరిగింది. లాంతరు బొమ్మకు ఏమీ కాలేదు.

ఆ రోజు నుంచి నేను చెప్పినవి ఆగిపోయాయి. హన్మయ్య వచ్చి, “వదినె మా మాట ఇనకుండ తిరుగుతున్నదన్న, ఇంటింటికి చాయ తాగుతున్నది” అని ఫిర్యాదు చేసేవాడు. ఆ చాయలు అరగక ప్రమీలమ్మ కడుపు పట్టుకుని రాత్రికి అన్నం మానేసేది. ఏ ఇంట్లోనూ వద్దనలేదట. నాకు చెప్పాల్సినవేవీ చెప్పేది కాదు. నేను అడగలేదు. విరిగిన కిరీటానికి గమ్ పెట్టుకుంటూ కూర్చున్నాను.

*

ఓటు రోజు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు స్కూలు దాకా మోసుకెళ్లారు. అట్ట అడ్డు పెట్టిన చోట కుర్చీ దింపి వాళ్లు పక్కకు జరిగారు. గులాబీ కాగితం మీద ఎక్కడా నా పేరు లేదు, ఆమె పేరు కూడా లేదు. కప్పూ సాసర్ ఉంది. నేను గోడల మీద ఎన్ని గుర్తులు వేశానో నాకే లెక్కలేదు. ఇంత వంకరగా గీసిన కప్పును మాత్రం చూడలేదు. చేత్తో పట్టుకునే చెవి కూడా సరిగ్గా లేదు. ముద్ర గుద్దేసి వచ్చేశాను.

మధ్యాహ్నం తర్వాత లెక్కపెట్టారు. ప్రమీలమ్మ గెలిచింది. రంజిత్ వాళ్లు దగ్గరికి కూడా రాలేదు. వార్డుల్లో హన్మయ్య, కరుణమ్మ కూడా గెలిచారు. స్కూలు వైపు నుంచి పటాకుల చప్పుడు వినబడింది. మంచంలో లేచి కూర్చుని, తెల్లచొక్కా తెప్పించుకుని తొడుక్కున్నాను. గుంపు ముందు మా ఇంటికే వస్తుంది కదా. నాకే దండ వేస్తారు కదా. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. హన్మయ్య ఫోన్ వచ్చింది.

“ఏందన్న గిట్ల చేసినవ్?”

“ఏం చేసిన?”

“ఉపసర్పంచ్ కరుణమ్మకు పోయింది. చేతులెత్తమంటే వార్డు మెంబర్లు సగం సగం ఎత్తిండ్రు. ఆఖరికి వదినె ఎత్తింది. నాకు కాదు, ఆమెకు. నీ మాట గింతేనా?”

ఫోన్ పెట్టేశాడు. ఇరవై ఏళ్ల స్నేహం. గుంపు వచ్చేసరికి చీకటి పడింది. దండలు ప్రమీలమ్మ మెడలో ఉన్నాయి. నన్ను చూసి కొందరు నమస్తే పెట్టారు. అందరూ పోయేదాకా పళ్లు బిగబట్టుకుని ఆగాను.

“హన్మయ్యకు నేను మాట ఇచ్చిన.”

“నువ్వు ఇచ్చినవ్” అంది ఆమె, దండలు ఒక్కొక్కటీ తీసి కుర్చీ మీద పెడుతూ. “నన్ను అడిగి ఇచ్చినవా?”

“నా ఇజ్జత్ పోయింది.”

“చెయ్యి ఎత్తింది నేను. పోతే నాది పోవాలె.” ఆఖరి దండ కూడా తీసింది. “అన్నం తిన్నవా?”

తినలేదన్నాను. తింటానని కూడా అనలేదు. అయినా కంచం తెచ్చి పెట్టింది. చెప్పడానికి సిగ్గేమీ లేదు, తిన్నాను. తింటూ కూడా కోపంగానే ఉన్నాను.

*

ప్రమాణస్వీకారం రోజు పొద్దున్నే గడ్డం గీసుకుని తయారయ్యాను. నలుగురిని పిలిపించి కుర్చీలో తీసుకుపొమ్మన్నాను. ఆమె పక్కన నా కుర్చీ వేస్తే చాలు, ఊరికి విషయం అర్థమవుతుంది. ప్రమీలమ్మ గడప దాటబోతూ ఆగింది.

“నువ్వు యాడికి? పంచాయతీ ఆఫీసుకు ఆరేడు మెట్లున్నయ్. తడి బండలు. జారినవంటే రాడ్డు సుత ఇరుగుతది.”

“మోస్తరు.”

“మోసేటోళ్లు జారితే? ర్యాంపు పెట్టమని పింఛన్లకొచ్చే కుంటోళ్లు, ముసలోళ్లు నీకు ఎన్నిసార్లు చెప్పిండ్రో. చూద్దాం చూద్దాం అంటివి.” చీర కుచ్చిళ్లు సర్దుకుంది. “ముందుగాల ర్యాంపు కట్టిపిస్త. అప్పుడు రా.”

అంతే. ఎగతాళి కాదు, గొంతు పెంచలేదు. సంజన స్కూటీ తీసింది, వెనక ఎక్కి కూర్చుని వెళ్లిపోయింది. మోయడానికి వచ్చిన నలుగురూ కాసేపు నా మొహం చూసి, ప్రమాణం చూడాలని వాళ్లూ పోయారు. ఇల్లు ఖాళీ అయిపోయింది.

ఆ మెట్లు కట్టించింది నేనే. నా పేరు రాతిపలక మీద చెక్కించి మరీ కట్టించాను. తిట్టుకోవడానికి కూడా మనిషి లేని ఇంట్లో ఆ మెట్లను తిట్టుకుంటూ పీటను దగ్గరికి లాక్కున్నాను. రాజుకు చేయాల్సింది ఏమీ మిగల్లేదు. అతుకుపెట్టిన కిరీటం కొంచెం పక్కకు వాలి ఉంది. రాక్షసులందరూ అయిపోయారు. మిగిలింది లాంతరు బొమ్మ ఒక్కటే.

దాన్ని వెలుతురుకు పెట్టుకుని మొహానికి చామనఛాయ కలిపాను. పల్చగా ఒకసారి, ఆరాక ఇంకోసారి. ముక్కు కింద, మెడ మీద గోధుమరంగు నీళ్లు. బొట్టు పెట్టాను. ఊపిరి బిగబట్టి కళ్లు పెట్టాను. ఇన్ని వారాల్లో మెల్ల రాకుండా కుదిరిన కళ్లు అవే. తర్వాత చీరకు రంగు కలపబోయి చెయ్యి ఆగింది.

ఏ చీర కట్టుకుని పోయింది? గడప దగ్గర నిలబడి అంతసేపు నాతో మాట్లాడింది. కుచ్చిళ్లు సర్దుకుంది కూడా. రంగు గుర్తుకు రాలేదు. పచ్చదా, నీలందా? ఎంత గింజుకున్నా నాకు ఆ మెట్లే గుర్తొస్తున్నాయి. ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు. వెనక మైకు, చప్పట్లు.

“నేను సర్పంచ్‌ను మాట్లాడుతున్న. ప్రమీలకు ఇయ్యి.”

“సర్పంచ్ మైకుల మాట్లాడుతున్నదన్న.” కరుణమ్మ గొంతు. ఈసారి పటేలా అనలేదు. “ఫోన్ నాకిచ్చి పోయింది. ఏమన్న చెప్పాల్నా?”

పెట్టేద్దామనుకున్నాను. నోరు ఊరుకోలేదు.

“ఆమె ఏం రంగు చీర కట్టింది?”

“పొద్దుగాల నీ ముంగట్నుంచే గదన్నా వచ్చింది” అంది కరుణమ్మ. “చూడలేదా?”

కట్ చేశాను. ఫోన్ గోడకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది. కొట్టలేదు. మొహానికి కలిపిన రంగు ఆరిపోయి బిళ్ల కట్టింది. బొమ్మను తీసి చూశాను. మొహం ఉంది, కళ్లున్నాయి, మెడ కింద నుంచి అంతా నలుపే. రాజును పక్కకు జరిపి, దాన్ని పీట మీద అన్నిటికంటే ముందు, వాకిలి వైపు తిప్పి పెట్టాను.

సాయంత్రం వస్తుంది కదా, అప్పుడు చూస్తాను. కోపం మాత్రం తగ్గలేదు.